ఆ గులాబీరంగు ఎవరికోసం

హాస్టల్, మేడమీద చివరి గది

బాబాయ్,

ఇక్కడ పొద్దున లేచి కిటికీ తీస్తే ఎదురుగా కాలేజీ ఉండదు. నిజంగానే ఉండదు. అంతా పొగమంచు. గంట మోగుతుంది, ఆ మోతను పట్టుకుని నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మెట్లు కాలికి తగులుతాయి. అప్పుడు కాలేజీ వచ్చిందని అర్థం. క్లాసులో కూర్చున్నాక కూడా చాలాసేపటి వరకు ఇంకా పక్కమీదే ఉన్నానేమో అనిపిస్తుంది.

మొదటి ఏడాది వాళ్ళందరికీ ఒక క్లాసు తప్పనిసరి. పేరు 'చదవడం, రాయడం'. ఇన్నేళ్ళూ బళ్ళో మేం చేసిందేమిటి, గడ్డి పీకామా అని అందరం నవ్వుకున్నాం. మేడమ్ వచ్చింది. సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉంటుంది. ఒక సబ్బు ప్రకటన గోడకి అంటించి "ఏముంది ఇందులో?" అంది. సబ్బు గురించి చెప్పారు మేడమ్, అన్నాం. "చెప్పింది సరే. ఇది మిమ్మల్ని ఏం చేస్తోంది?" అంది.

అప్పుడు చూశాం బాబాయ్. బొమ్మంతా ఒక అమ్మ, ఒక పసిపాప, తడి జుట్టు, కిటికీలోంచి ఎండ. సబ్బు ఎక్కడో మూల బఠాణీ గింజంత ఉంది. వాళ్ళు అమ్ముతున్నది సబ్బు కాదు, ఆ ఎండ! మేడమ్ చెప్పింది: ఏది చదివినా అడగండి, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, వాళ్ళ దగ్గర్నుంచి ఏం కావాలని, ఏం చెప్పకుండా దాచుకున్నారు అని. ఒప్పించడానికి దారులు మూడేనట. నన్ను నమ్ము అనడం ఒకటి, లెక్క చూపించడం ఒకటి, గుండె పట్టుకోవడం ఒకటి.

ఇక చూడు, నాకు పిచ్చి పట్టింది. "మీ ఆరోగ్యం దృష్ట్యా వేడినీళ్ళు ఉదయం మాత్రమే ఇవ్వబడును" అని మా స్నానాల గది తలుపు మీద రాసుంటుంది. మా ఆరోగ్యమట! ఇచ్చేదెవరో చెప్పకుండా 'ఇవ్వబడును' అట! మర్నాడు ఈ సంగతి వార్డెన్‌తో అన్నాను. ఇప్పుడు పొద్దున కూడా రావడం లేదు. గదిలో నాతో ఉండే లెక్కల పిల్ల "నీ ఎదురుగా ఆవులించాలంటే భయమేస్తోంది, పేగులు లెక్కపెట్టేస్తావ్" అంటోంది.

నాకు పెద్ద ఉత్తరం రాయి. పొట్టిది పంపావో, ఊరుకోను.

నీ వసపిట్ట

*

రంగుల షెడ్డు, నాటకశాల వెనక

ఒసే వసపిట్టా,

నీ మేడమ్‌కి నా దండాలు. నిన్ను ప్రశ్నలు వెయ్యమని చెప్పడం కోతికి కల్లు పొయ్యడమే, పాపం ఆవిడకి ఇంకా తెలిసినట్టు లేదు.

నేనిప్పుడు ఎక్కడున్నానో తెలుసా? ఆకాశం మీద. చెప్పులు విప్పి నిలబడ్డాను. కొత్త నాటకం తెర మొత్తం నేలమీద పరిచేశాం, గోడ నుంచి గోడ దాకా. పొడుగు కర్రకి కుంచె కట్టుకుని మబ్బుల మధ్య నడుస్తున్నాను. నిచ్చెనెక్కి చూస్తే తప్ప ఏం వేశానో నాకే తెలీదు. ఎక్కి చూడటం, దిగి తిట్టుకోవడం, మళ్ళీ వెయ్యడం. ముప్పొద్దులా ఇదే పని.

చివరి అంకంలో ఒకావిడ రేవులో కూర్చుని రాత్రంతా ఎదురుచూస్తుందమ్మా. ఎవరూ రారు. కానీ తెల్లారుతుంది. ఆ తెల్లారడం నేను వెయ్యాలి. నల్లనీలం నుంచి బూడిద, బూడిదలోంచి ఒక్క చారెడు గులాబీ. ఆ గులాబీ ఇంకా కుదర్లేదు. నిన్న మధ్యాహ్నం తడి ఆరిన వైపు కాసేపు నడుం వాల్చి నిద్రపోయాను. కలలో నువ్వొచ్చావు, ఇంతే ఉన్నావు, నా మోకాలంత. తడి రంగులో అడుగులు వేసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోయావు. తిట్టాలనుకున్నాను, నోరు రాలేదు. లేచేసరికి చెంపకి నీలం అంటుకుని ఉంది. మీ అమ్మ చూసి "పెళ్ళికాని మగాడు ఇలాగే తయారవుతాడు" అంది. వదినగారి నోటికి అడ్డేముంది!

ఇంకో సంగతి. మేనేజరు గదిలోకి ఒక పెట్టె దిగింది. ప్రొజెక్టరు. ఇకమీదట ఆకాశాలన్నీ దాన్లోంచే పడతాయట. హాలు మరమ్మతులకి మూసేలోగా ఈ నాటకం ఒక్కటే, అదీ వచ్చే నెల రెండో శనివారం ఒక్క ఆట. మర్నాడు నా తెరకి తెల్లరంగు పూసేస్తారు, ఆ యంత్రానికి తెల్లటి గుడ్డ కావాలిగా. అంటే ఇది నేను వేసే ఆఖరి ఆకాశం, దాన్ని చూడటానికి ఒక్క సాయంత్రమే.

నువ్వు రావాలి. రాకపోతే మబ్బులు అలుగుతాయి. నాకు మోకాళ్ళు పోతున్నాయి, కళ్ళు మసకేస్తున్నాయి, ఈ వయసులో ఒక్కడినీ నిచ్చెనెక్కించి నువ్వక్కడ సబ్బు బొమ్మలు చూస్తూ కూర్చుంటావా? నువ్వు లేని హాలు నాకు ఖాళీ హాలే.

బాబాయ్

*

హాస్టల్, మేడమీద చివరి గది

బాబాయ్! బాబాయ్! బాబాయ్!

నీ ఉత్తరానికి క్లాసంతటిలోకి ఎక్కువ మార్కులొచ్చాయి!

మీ చేతికొచ్చిన ఏదైనా ఒక రచన తీసుకుని విశ్లేషించండి అంది మేడమ్. అందరూ పేపర్ల మీదా ప్రకటనల మీదా పడ్డారు. నేను నీ ఉత్తరం తీసుకున్నాను. రాస్తూ ఉంటే చెయ్యి ఆగలేదు. మొత్తం నకలు ఇందులో పెట్టాను, కొంచెం ఇక్కడే చదువు:

"ఈ లేఖ పైకి ఒక తెర గురించి చెబుతున్నట్టు కనిపించినా, దీని అసలు ఉద్దేశం చదువరిని ఇంటికి రప్పించడం. రచయిత ముందుగా హాస్యంతో చదువరిని మెత్తబరుస్తాడు. తరువాత కలను ప్రవేశపెట్టి చదువరి బాల్యాన్ని గుర్తుచేస్తాడు. 'ఆఖరి', 'ఒక్క' వంటి మాటలతో తొందర పుట్టిస్తాడు. చివరగా తన మోకాళ్ళను, కళ్ళను ముందుకు తెచ్చి జాలిని ఆయుధంగా వాడుకుంటాడు. ఒక్క సాక్ష్యం గాని లెక్క గాని లేకుండా కేవలం గుండెను పట్టుకోవడం మీదనే లేఖ నడుస్తుంది."

ఎలా ఉంది? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు! ఇన్నేళ్ళూ నన్ను బుట్టలో వేసుకున్నావు, ఇప్పుడు బుట్ట ఎలా అల్లావో కనిపెట్టేశాను.

కాలేజీ సభలో నన్ను దీన్ని చదవమన్నారు. పెద్ద హాలు, మైకు, అన్ని క్లాసులవాళ్ళూ ఉంటారు. చిక్కేమిటంటే అది కూడా నీ నాటకం రోజు సాయంత్రమే. రాలేనేమో. నువ్వు అర్థం చేసుకుంటావుగా?

నీ వసపిట్ట

*

రంగుల షెడ్డు

అమ్మాయికి,

క్షేమం. నీ వ్యాసం అందింది. చదివాను. బాగుంది.

నాటకం వచ్చే నెల రెండో శనివారం, సాయంత్రం ఆరింటికి. నీకు వీలుంటే రావచ్చు. లేకపోతే లేదు. ఇక్కడ వానలు తగ్గాయి.

బాబాయ్

*

హాస్టల్, మేడమీద చివరి గది

బాబాయ్,

నీ ఉత్తరం కవరు తిరగేసి దులిపాను, ఇంకో కాగితం ఏమైనా లోపల ఉండిపోయిందేమో అని. లేదు.

పనిలో ఉన్నావా? ఒంట్లో బాగోలేదా? 'అమ్మాయికి' ఏమిటి, నేనేమన్నా కరెంటాఫీసా? తిట్టు పోనీ. నువ్వు తిట్టనైనా తిట్టకపోయేసరికి రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. పొద్దున మంచులో గంట మోగినా లేవాలనిపించడం లేదు.

జాలి పుట్టిస్తున్నానని అనుకుంటే అనుకో. ఏమైందో చెప్పు.

వసపిట్ట

*

రంగుల షెడ్డు

సరే, చెబుతాను. విను.

నీకు రాద్దామని కూర్చుంటే ఒక్క మాట రావడం లేదు. "తల్లీ" అని మొదలెడతాను. ఆగుతాను. తల్లీ అని ఎందుకన్నాను? మెత్తబరచడానికా? కొట్టేస్తాను. "నిన్న ఒక కలొచ్చింది" అంటాను. కల ఎందుకు ప్రవేశపెట్టాను? కొట్టేస్తాను. మోకాలు నొప్పి అని రాయబోతే సిగ్గేసింది. మోకాలు నిజంగానే నొప్పే, నమ్ము. నా జన్మలో నేను ఆయుధం పట్టలేదు. కుంచె తప్ప ఏదీ పట్టలేదు.

ఉత్తరం పోతే పోయింది. పని కూడా పోయిందే. పొద్దున నిచ్చెనెక్కి కిందికి చూశాను. ఆ చారెడు గులాబీ చోటు ఇంకా ఖాళీగా ఉంది. రంగు కలిపాను, కుంచె ముంచాను, అక్కడిదాకా నడిచాను. నడిచి నిలబడిపోయాను. ఈ గులాబీ ఎందుకు? హాల్లో కూర్చున్నవాళ్ళ కళ్ళు చెమర్చాలని. మరి ఇదీ బుట్టే కదా! జనం ఏడవాలని ముందే లెక్కేసుకుని పూసే రంగు. ఇరవయ్యేళ్ళకి పైగా ఇదే చేస్తున్నాను. మేనేజరు నిన్న మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. ఆ యంత్రం ఉండనే ఉంది, ఆలస్యమైతే అదే పెట్టి కానిచ్చేద్దాం అన్నాడు. మెత్తగానే అన్నాడు, కానీ అన్నాడు.

నీ మీద కోపం ఉంది. లేదని అబద్ధం చెప్పను. నీ వ్యాసం తప్పని కాదు, ప్రతి ముక్కా నిజం, అదే కోపం. నిన్ను రప్పించాలనే రాశాను. అందులో దాచుకున్నదేముంది? కానీ నువ్వు దాన్ని దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నావు. నలుగురికీ చదివి వినిపిస్తావు కూడా. వినిపించు. బాగా చదువు. మైకు దగ్గర గొంతు పెంచకు.

బాబాయ్

*

కాలేజీ లైబ్రరీ, కిటికీ పక్క బల్ల

బాబాయ్,

నీ ఉత్తరం పట్టుకుని మేడమ్ గదికి పరిగెత్తాను. ఏడుస్తూనే వెళ్ళాను, దాచడమెందుకు. ఆవిడ ముక్కు తుడుచుకుంటూ నీ మొదటి ఉత్తరం, నా వ్యాసం రెండూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదివింది. "నేనూ చూసుకోలేదు, మార్కులేశాను" అంది. తరవాత అడిగింది: "ఎవరు మాట్లాడుతున్నారో రాశావు. ఏం కావాలో రాశావు. పనిముట్లన్నీ రాశావు. ఎవరితో మాట్లాడుతున్నాడో ఎక్కడ రాశావు?"

చదువరి అని రాశాను మేడమ్, అన్నాను.

"ఎవరా చదువరి?"

వ్యాసం నిండా చదువరిని మెత్తబరిచాడు, చదువరిని రప్పించాడు, చదువరి, చదువరి. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అన్నట్టు. ఆ చదువరిని నేను బాబాయ్. ఆ ఉత్తరం నాది. ఆ కల దగ్గర నేను కాగితం పక్కన పెట్టి, దుప్పటి కప్పుకుని ఏడ్చాను, లెక్కల పిల్ల కంగారుపడి వార్డెన్‌ని పిలవబోయింది. ఆ ముక్క వ్యాసంలో రాయలేదు. రాస్తే తెలివితక్కువగా కనిపిస్తానని భయం వేసింది. అందరి ముందూ తెలివి చూపించుకోవాలని కోడిగుడ్డు మీద ఈకలు పీకాను. నువ్వు ఏం దాచావా అని వెతికినదాన్ని, నేను దాచింది మాత్రం నాకు కనపడలేదు.

ఒప్పించాలని చూడటం తప్పని మేడమ్ ఎప్పుడూ చెప్పలేదు. నేనే అలా విన్నాను. సబ్బువాడికి నేను ఎవరైనా ఒకటే, వాడి ఎండ అందరికీ ఒకటే ఎండ. నీ కలలో అడుగులు నావి. ఇంకెవరికి రాసినా ఆ ఉత్తరం పనికిరాదు. ఆవిడేమందో తెలుసా? అవతలి మనిషి నుంచి ఏమీ అక్కర్లేనివాడు ఉత్తరమే రాయడమ్మా, అంది.

ఇంకో సంగతి, కోపగించుకోకు. నీ పొట్టి ఉత్తరం ఉంది చూడు, "వీలుంటే రావచ్చు, లేకపోతే లేదు" అని. ఏ పనిముట్టూ వాడలేదని అనుకున్నావా? నువ్వు జన్మలో నా మీద అంత గట్టిగా అరవలేదు. అది చదివాక నాలుగు రోజులు మనుషుల్లో లేను.

సభలో పాత వ్యాసం చదవనని చెప్పేశాను. కొత్తది రాస్తున్నాను, 'చదువరి' ఉన్నచోటల్లా 'నేను' అని పెడుతుంటే ప్రతి వాక్యమూ తిరగబడుతోంది, అంతా మళ్ళీ రాసుకోవాలి. దాన్ని ఇంకో రోజు చదువుకోవచ్చంది మేడమ్.

కనక ఆ శనివారం నాకు ఖాళీయే. కానీ నేను రాను. నువ్వు పిలిస్తేనే వస్తాను. వీలుంటే, గీలుంటే అంటే కుదరదు. అడగందే అమ్మయినా పెట్టదు, నేను మీ ఇంటి పిల్లనే, మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు తెలుసు. ఆ గులాబీరంగు వెయ్యి బాబాయ్. ఎందుకు వేస్తున్నావో తెలిసే వెయ్యి.

నీ వసపిట్ట

*

రంగుల షెడ్డు, నిచ్చెన మీద

ఒసే రాక్షసీ,

తల్లీ, బంగారూ, నా వరహాలమూటా. ఇది మెత్తబరచడం.

ఇవాళ పొద్దున నీ ఉత్తరం జేబులో పెట్టుకునే కుంచె పట్టాను. కిటికీలోంచి ఎండ అప్పుడే తెర అంచు దాకా వచ్చింది. మొదట వేసింది మరీ ఎర్రగా పడింది, నీళ్ళు కొట్టి తుడిచాను. రెండోది చప్పగా ఉంది. అప్పుడు అడుగున పల్చగా నీలం వేసి, ఆరనిచ్చి, దానిమీద పూశాను. నిచ్చెనెక్కి చూశాను. ఏమని చెప్పను! ఎవరో నిద్రలో కళ్ళు తెరవబోతున్నట్టు ఉంది. కిందికి దిగబుద్ధి కాలేదు, ఇక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. మేనేజరు తలుపు దగ్గర నిలబడి చూసి, టీ పంపించాడు. ఇది నన్ను నమ్ము అనడం, పక్కవాడి సాక్ష్యంతో సహా.

మోకాళ్ళు నొప్పులే. ఇది జాలి. నీకు సీటు పట్టి ఉంచాను, మూడో వరుస మధ్యలో, దాన్ని ఇంకొకరికి ఇవ్వమన్నా ఇవ్వను. ఇది బెదిరింపు. లెక్క కావాలన్నావుగా, లెక్క చెబుతాను: ఆకాశం ఒకటి, సాయంత్రం ఒకటి, నాకు నువ్వు ఒకదానివి. అంతకంటే నాకు లెక్కలు రావు.

ఇవన్నీ పక్కన పెట్టు. పనిముట్లన్నీ కింద పడేశాను, చేతులు ఖాళీగా ఉన్నాయి. నాకు నిన్ను చూడాలనుంది. నేను వేసింది నువ్వు చూడాలనుంది. నువ్వు చూడకుండా అది తెల్లగా అయిపోతే నేను తట్టుకోలేను.

రావే.

బాబాయ్

*

హాలు, మూడో వరుస మధ్య

బాబాయ్,

నాటకం అయిపోయింది. చప్పట్లు కూడా అయిపోయాయి. నటులందరూ వచ్చి దండాలు పెట్టారు, నువ్వు రాలేదు. రావని తెలుసు, అందుకే ఇది రాస్తున్నాను. ఊడ్చే ఆవిడ చేతికిచ్చి లోపలికి పంపిస్తాను.

ఎలా చేశావో అంతా చూశాను. చూడ్డానికే కళ్ళు విప్పార్చుకుని కూర్చున్నాను. ఎడమ పక్కంతా కావాలనే చీకటి ఉంచావు, కళ్ళు అటు నిలవకుండా. మబ్బులన్నింటినీ ఒకే వైపు వాల్చావు, చూపు వాటి వెంట జారి ఆ చారెడు చోటికే పోవాలని. రేవులో ఆవిడ లేచి నిలబడే వరకు అక్కడ దీపం పడకుండా ఆపమని చెప్పి ఉంటావు. గులాబీ అడుగున నీలం కూడా కనిపించింది. ఒక్కటి కూడా నా నుంచి తప్పించుకోలేదు.

అన్నీ తెలిసీ ఏడ్చాను. తెలిసినందుకు ఇంకాస్త ఎక్కువే ఏడ్చాను, ఒక్కొక్కటీ ఎన్నిసార్లు నిచ్చెనెక్కి దిగితే కుదిరిందో తెలుసు కనక. పక్కన కూర్చున్న ముసలాయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ, ఎవరు వేశారో ఇది, నన్ను కాసేపు చిన్నపిల్లాణ్ణి చేసేశాడు అన్నాడు. మా బాబాయ్ అన్నాను. నువ్వెందుకమ్మా ఏడుస్తున్నావ్ అని అడిగినట్టు నా మొహంలోకి చూశాడు, నా కళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి మరి. ఈ ఆకాశం నాకోసం వేశారండీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "కాదమ్మా, నాకోసం" అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. దీపాలు ఒక్కొక్కటే తీసేస్తున్నారు, తెర మీద ఇంకా కొంచెం వెలుతురుంది. నువ్వు తెర వెనకే ఉన్నావని తెలుసు, చెప్పుల్లేకుండా నిలబడి ఉంటావు. వెనక నుంచి నీకు గుడ్డ తప్ప ఏమీ కనిపించదు. ఇటు వచ్చి నా పక్కన కూర్చో బాబాయ్. నువ్వు వేసింది నువ్వే ఇంతవరకూ ఇక్కణ్ణుంచి చూడలేదు.